మీటింగు మర్నాడు సిగ్నలు పోయే ఇల్లు

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న, "మీటరు ఏ కంపెనీది కొనమంటావన్నా?" అని. ఏదో ఒకటి కొనుక్కోండి. డిష్షు తిప్పడం, సిగ్నలు పట్టడం ఎవరికైనా వారంలో వచ్చేస్తుంది. మేడ దిగి వచ్చాక, హాల్లో కుర్చీ వేసుకుని కూర్చున్న ఇంటాయనతో "తప్పు మీ ఇంట్లోనే ఉందండీ" అని ఆయనకు కోపం రాకుండా చెప్పడం ఉంది చూడండి, అది రావడానికి నాకు సర్వీసంతా పట్టింది. వచ్చేసరికి మోకాళ్ళు పోయాయి.

నా పేరు మస్తాను. నరసరావుపేటలో అందరూ డిష్షు మస్తాను అంటారు. అంతకుముందు కేబులు మస్తానుని, అంతకంటే ముందు యాంటెన్నా మస్తానుని. అల్యూమినియం ఊచల యాంటెన్నాని వెదురు బొంగుకు కట్టి, కింద నుంచి "కొంచెం ఇటు, ఇంకొంచెం ఇటు" అని అరిపించుకున్న కాలం నుంచీ ఈ పనిలోనే ఉన్నాను. మధ్యలో నన్ను సీనియర్ టెక్నీషియన్ని చేశారు. చేశాక కూడా అదే బ్యాగు, అదే బండి, అవే మెట్లు. కాబట్టి ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తున్నాను.

టీవీలో బొమ్మ రాకపోతే మన వాళ్ళు మూడు చోట్ల తప్పు వెతుకుతారు. కంపెనీలో, పక్కింట్లో, గ్రహాల్లో. తమ మేడ మీద వెతకడం నాలుగోది. దానికి మనల్ని పిలుస్తారు.

దక్షిణం వైపు చూసే వస్తువు

మన ప్రాంతంలో డిష్షు ఎక్కడ బిగించినా ఇంచుమించు దక్షిణం వైపే చూస్తుంది. ఉపగ్రహం ఆ పక్కన ఉంది, మనం ఈ పక్కన ఉన్నాం, దీన్ని ఎవరూ మార్చలేరు. వినుకొండలో ఒక బట్టల కొట్టు యజమాని మార్చాడు.

కొత్తిల్లు కట్టుకుని, గృహప్రవేశం నాడే డిష్షు పెట్టించుకున్నాడు. మర్నాడు బొమ్మ రావడం లేదని ఫోను. వెళ్ళి చూస్తే డిష్షు నిక్షేపంగా ఈశాన్యం వైపు తిరిగి ఉంది. కొండ కింది ఇల్లు, కోతులకు కొదవ లేదు. వాటి పనే అనుకున్నాను.

"కోతులు కాదయ్యా, నేనే తిప్పించా," అన్నాడాయన. "వాస్తు చూసే ఆయన వచ్చి గుండెలు బాదుకున్నాడు. కొత్తింటి మీద యముడి దిక్కుకి నోరు తెరుచుకుని ఉండే వస్తువు పెడతారా అన్నాడు. ఈశాన్యం చూసేట్టు పెట్టుకోమన్నాడు. ఇప్పుడు అంతా బానే ఉంది. బొమ్మొక్కటే రావట్లా."

"బొమ్మ దక్షిణం నుంచే వచ్చిద్దండీ."

"కొంచెం సర్ది చూడవయ్యా. తూర్పు నుంచి ఏదో ఒకటి రాదా?"

నేను కాసేపు బుర్ర గోక్కున్నాను. డిష్షు అనేది ఉత్త పళ్ళెం. దాని ముందు చెయ్యిలా పొడుచుకొచ్చిన గొట్టం చివర ఒక చిన్న బుడ్డి ఉంటుంది. చూసే కన్ను అదే. ఆ కన్ను ఆకాశం వైపు చూడదు, వెనక్కి తిరిగి పళ్ళెం వైపు చూస్తుంది. పళ్ళెం దక్షిణానికి తిరిగి ఉంటే కన్ను ఉత్తరానికి ఉన్నట్టే. ఆ మాటే ఆయనకు చెప్పి, "ఇది చూసేది కుబేరుడి దిక్కండీ" అన్నాను.

ఆయన బుడ్డి దగ్గరికి వెళ్ళి, నడుం వంచి, అది చూస్తున్న వైపు తనూ చూశాడు. లోపలికి కేకేసి నాకు కాఫీ తెప్పించాడు. డిష్షు మళ్ళీ దక్షిణానికి తిరిగింది. తర్వాత ఆ వీధిలో మిగతావాళ్ళు కూడా తమ బుడ్డి ఏ దిక్కు చూస్తోందో చెప్పిపొమ్మని నన్ను పిలవడం మొదలుపెట్టారు.

నేను అబద్ధం చెప్పలేదని గమనించండి. నిజమనేదానికి నాలుగు పక్కలుంటాయి. ఇంటాయన ఏ పక్క నుంచి చూస్తే తట్టుకోగలడో ఆ పక్క తిప్పి చూపించాలి, అంతే.

మా మేనేజరు వైద్యం

మా మేనేజరు గుంటూరులో ఉండేవాడు. మంచివాడే. ఆయన దగ్గర అన్ని రోగాలకూ ఒకటే మందు. "మస్తాన్, ఆలోచించొద్దు. మార్చెయ్" అనేవాడు. బాక్సు మార్చు, బుడ్డి మార్చు, కేబులు మార్చు. ఏదో ఒకటి మారుస్తూ పోతే రోగం దానంతటదే పోతుందని ఆయన నమ్మకం.

తమాషా ఏమిటంటే చాలాసార్లు పోయేది. పాత బాక్సు విప్పి కొత్తది పెట్టేటప్పుడు వదులైన పిన్ను ఎట్లాగూ బిగిస్తాం కదా. రోగం ఆ వదులు పిన్నులో ఉండేది. పేరు మాత్రం కొత్త బాక్సుకు, దాని మీదుగా మేనేజరుకూ వచ్చేది. ఆయన్ని చాలా సమర్థుడని పైవాళ్ళు మెచ్చుకున్నారు. నాకు దాని మీద ఏడుపేమీ లేదు, కొంచెం ఉంది.

ఆయన మందు పనిచేయని రోగం ఒకటుంది. అది తన వేళకు వచ్చి తన వేళకు పోయే రోగం. మాకు పొద్దున పూట కొత్త కనెక్షన్లు ఇవ్వమని చెప్పేవారు. కంప్లయింట్లకు సాయంత్రం మిగిలేది. మేం సాయంత్రం వెళ్ళేసరికి సిగ్నలు నిండుగా ఉండేది. "బానే ఉందిగా" అని వచ్చేసేవాళ్ళం. మేం అబద్ధాలకోరులమని ఇంటివాళ్ళు, వాళ్ళకు చాదస్తమని మేం అనుకునేవాళ్ళం. అందుకే కొత్తవాళ్ళకు నేనిచ్చే సలహా ఒక్కటే. నీకు తీరికైన వేళ కాదు, రోగం ఇంట్లో ఉండే వేళ వెళ్ళు. ఇది నాకు నేర్పిన ఇంటి సంగతి ఇప్పుడు చెబుతాను.

గురజాల అవతల

గురజాల అవతల ఒక ఊరు. పేరు రాయను. రాస్తే రెండు పార్టీల వాళ్ళూ ఫోను చేసి, తమ గురించి తక్కువ రాశావంటారు.

ఆ ఊళ్ళో చెన్నకేశవులు గారని ఒక పెద్దమనిషి. ఆయన ఏనాడూ సర్పంచి కాలేదు. సర్పంచిని నిలబెట్టడం, పడగొట్టడం ఆయన పని. పక్కిల్లు ఆయన బావమరిది కోటయ్యది. రెండు మేడలూ ఆనుకుని ఉంటాయి. మధ్యలో నడుమెత్తు పిట్టగోడ, దానికో చిన్న ఇనుప గేటు. చెన్నకేశవులు గారిది ఒక పార్టీ, కోటయ్యది ఇంకో పార్టీ. పంచాయితీ ఎన్నికల్లో ఇద్దరికీ మాటలు పోయాయి. ఓట్ల లెక్కింపు అయిన రోజే చెన్నకేశవులు గారు మేడ మీది గేటుకు తాళం వేసి, తాళంచెవి తన మొలతాడుకు కట్టుకున్నారు.

వీళ్ళిద్దరి మధ్య నలిగిన మనిషి నాగేంద్రమ్మ. చెన్నకేశవులు గారి భార్య, కోటయ్య చెల్లెలు. పక్కనున్నది ఆమె పుట్టిల్లు. అక్కడ పోపు వేస్తే ఇక్కడ తుమ్ము వస్తుంది. అయినా తాళం పడ్డప్పటి నుంచి ఆమె ఆ గడప తొక్కలేదు.

చెన్నకేశవులు గారి కంప్లయింటు నేను అంతవరకూ విననిది. "మా పార్టీ చానలే పోద్దయ్యా," అన్నారు. "అదీ ఎప్పుడంటావ్? నేను మీటింగుకి పోయొచ్చిన మర్నాడు. రాత్రికి బానే ఉంటది. పొద్దెక్కాక, మీటింగు చూపించే టయానికి, గళ్ళు గళ్ళుగా వచ్చి టక్కున ఆగిపోద్ది. అన్నం వేళకి మళ్ళా వచ్చుద్ది. వాళ్ళ పార్టీ చానలు మాత్రం కడిగిన అద్దంలాగా వత్తంది."

"వాళ్ళ చానలు మీరు పెట్టుకోరు కదండీ?"

"చెక్ చెయ్యడానికి పెట్టానయ్యా!"

ఆయన కష్టం నాకు అర్థమైంది. మీటింగులో నాయకుడి పక్కన నిలబడతారు. మర్నాడు ఊళ్ళో తన వాళ్ళందర్నీ పిలిచి టీవీ ముందు కూర్చోబెడతారు, తను కనపడేది చూపించడానికి. సరిగ్గా అప్పుడే బొమ్మ పోతుంది. ఇంతకంటే అవమానం ఏముంటుంది?

దీనికి నాకు తెలిసిన కారణం ఒకటుంది. చానళ్ళన్నీ ఒకే బండిలో రావు. కొన్ని గట్టి బండిలో వస్తాయి, కొన్ని నీరసం బండిలో. డిష్షు ఏ కొంచెం పక్కకు వాలినా ముందు నీరసం బండి ఆగిపోతుంది, గట్టిది నడుస్తూనే ఉంటుంది. ఆయన పార్టీ చానలు నీరసం బండిలో ఉంది. ఈ మాట జాగ్రత్తగా విడమరిచి చెప్పాను.

"అంటే మా పార్టీ వీకంటావా?" అన్నారు చెన్నకేశవులు గారు.

ఆ తర్వాత నేను బండ్ల సంగతి ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం పూట మేడ ఎక్కాను, డిష్షు చూశాను, సిగ్నలు నిండుగా ఉంది. బాక్సు మార్చాను. తర్వాతి మీటింగు మర్నాడు మళ్ళీ పోయింది. మళ్ళీ సాయంత్రం వెళ్ళి బుడ్డి మార్చాను, కేబులు మార్చాను. మళ్ళీ పోయింది. మేనేజరుకు ఫోను చేస్తే, "బాక్సు మార్చావా?" అన్నాడు. మార్చానన్నాను. "ఇంకోసారి మార్చు" అన్నాడు.

తెల్ల డబ్బా

ఈలోగా చెన్నకేశవులు గారు తనే కారణం కనిపెట్టేశారు. కోటయ్య మేడ మీద ఒక కర్రకు కొత్తగా తెల్ల డబ్బా ఒకటి వెలిసింది. కోటయ్య కూతురు ఇంట్లోంచే కంప్యూటరు ఉద్యోగం చేస్తోంది, ఆ ఇంటర్నెట్టు కోసం పెట్టించిన డబ్బా అది. దానికీ టీవీ సిగ్నలుకూ ఏ సంబంధమూ లేదు.

"జామరు," అన్నారు చెన్నకేశవులు గారు. "హైదరాబాదు నుంచి తెప్పించాడు. నేను మీటింగుకి పోవడం చూత్తాడు, మర్నాడు మీట నొక్కుతాడు."

కాదండీ అన్నాను. "మరి నువ్వు ఇన్నిసార్లు వచ్చి ఏం తేల్చావ్?" అన్నారు. ఇంకా తెలియదండీ అన్నాను. తెలియదని చెప్పే టెక్నీషియన్ మాటను జామరు ఉందని చెప్పే పెద్దమనిషి మాట ముందు ఎవరు లెక్కచేస్తారు?

నేను బండి తీస్తుంటే నాగేంద్రమ్మ మంచినీళ్ళ చెంబు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. నీళ్ళిచ్చే వంకతో మెల్లగా అంది.

"అన్నయ్యా, వచ్చే నెల్లో మా అన్న కూతురి పెళ్ళి. మేనత్తని. నేను లేకుండా దాన్ని పెళ్ళికూతుర్ని ఎట్టా చేత్తారు? ఈయన ఇప్పుడిప్పుడే మెత్తబడతన్నాడు. మొన్న అడిగితే 'చూద్దాంలే' అన్నాడు. ఆ మాట ఆయన నోట్లోంచి రావడానికి నేను ఎంత ఓపిక పట్టానో నాకు తెలుసు. ఇప్పుడీ జామరొకటి వచ్చి పడింది. కుర్రోళ్ళు ఆ డబ్బా పగలగొడతామంటన్నారు. డబ్బా పగిలితే తలకాయలు పగులుతయ్యి. ఇంక పెళ్ళేంది, నేను పోయేదేంది?"

ఆమె ఏడవలేదు. చెంబు నా చేతికిచ్చి నేను తాగేదాకా నిలబడింది. నేను రెండు గుక్కలు తాగి తిరిగిచ్చేశాను. టీవీ రిపేరుకు వచ్చి, ఒక ఆడబిడ్డ పుట్టింటికి పోయే దారి నా నోటి మీద ఆధారపడిందని తెలిస్తే ఎవరికైనా అంతే.

"అమ్మా, ఈసారి మీటింగయిన మర్నాడు, బొమ్మ పోగానే నాకే ఫోను చెయ్యి. ఎక్కడున్నా వస్తాను," అన్నాను.

రోగం ఇంట్లో ఉన్న వేళ

ఫోను వచ్చినప్పుడు నేను ముప్పాళ్ళలో కొత్త కనెక్షను బిగిస్తున్నాను. సగంలో వదిలేసి బండెక్కాను. ఆ ఇంటివాళ్ళు నన్ను తిట్టిన తిట్లు న్యాయమైనవే.

వెళ్ళేసరికి చెన్నకేశవులు గారి వాకిలి నిండా మనుషులు. కర్రలు గోడకు ఆనించి ఉన్నాయి, ఎవరివీ కానట్టు. హాల్లో టీవీ గళ్ళు గళ్ళుగా ఆగిపోయి ఉంది. చెన్నకేశవులు గారు మడత నలగని లుంగీలో కుర్చీలో కూర్చుని, చాలా నెమ్మదిగా మాట్లాడారు. 

"మస్తానూ, పైకెక్కి చూడు. చూసి, జామరే అని ఒక్క మాట చెప్పు. నువ్వు చెప్పావంటే రేపు ఎవరూ మమ్మల్ని తప్పుపట్టరు. మిగతాది మావోళ్ళు చూసుకుంటారు."

నా మాట విని కర్రలు లేస్తాయన్నమాట. ఇలాంటిదొకటి ఉంటుందని మా ట్రైనింగులో చెప్పలేదు.

మేడ ఎక్కాను. ఎక్కగానే ఎండకు కళ్ళు చెదిరాయి. ఎండ ఒక్కటే కాదు, మేడంతా తెలుపు. పంచెలు, లాల్చీలు, కండువాలు, మీటింగుకి బయల్దేరే ముందు రాత్రి ఇక్కడే పడుకున్న కుర్రాళ్ళ దుప్పట్లు. అన్నీ నీళ్ళు కారుతూ ఒకే నైలాను తాడు మీద వేలాడుతున్నాయి. తాడు ఒక కొస నీళ్ళ ట్యాంకు గొట్టానికి ఉంది. రెండో కొస మా డిష్షు చేతికి, సరిగ్గా ఆ బుడ్డి వెనకాల, గేదెకు వేసినంత గట్టి ముడి. డిష్షు పెద్దవాళ్ళకు దణ్ణం పెడుతున్నట్టు తల వంచుకుని ఉంది.

నాకు నవ్వొచ్చింది. తడి దుప్పటి అంచు పట్టుకుని కొంచెం పైకెత్తాను.

కింద నుంచి ఒక్కసారిగా అరుపు. "వచ్చింది! వచ్చింది! అడుగో అన్న, స్టేజీ మీద ఎడం పక్క!"

వదిలాను.

"పోయాడు!"

నవ్వు అక్కడే ఆగిపోయింది. ఇది ఆ ఇంట్లో ఎవరు కట్టిన తాడో, ఎవరు ఉతికిన బట్టలో అప్పుడు తట్టింది. అంతలో నాగేంద్రమ్మ రెండో బకెట్టు మోసుకుంటూ మెట్లెక్కి వచ్చింది. నా చేతిని, దుప్పటిని, డిష్షుని చూసింది. బకెట్టు దించి, ఒక పంచె తీసింది. "వచ్చింది!" అన్నారు కింద. మళ్ళీ వేసింది. "పోయింది!" అన్నారు.

"నా తాడేనా అన్నయ్యా?" అంది. 

"సాయంత్రం నేను వచ్చినప్పుడు ఈ తాడు లేదే అమ్మా?"

"ఎండకి పెళుసెక్కుద్దని బట్టలు తీసినప్పుడే చుట్టేసి కిందకి తీసకపోతా. రోజువారీ బట్టలు కిందే ఆరేత్తా. ఈ తెల్లయి కింద ఆరేత్తే సున్నపు లారీల దుమ్ము పడుద్ది. మీటింగయినాక ఇవన్నీ ఒక్కసారే ఉతకాలిగా."

"ముందు ఎక్కడ ఆరేసేవాళ్ళు?"

ఆమె గేటు వైపు చూసింది. "మా అన్న మేడ మీదే. వాళ్ళకి ఇనప స్తంభాలు, తీగలు ఉన్నయ్యి. గేటుకి తాళం పడినాక ఇక్కడ కట్టుకోను ఏముంది? ఈ గొట్టం ఖాళీగా కనపడింది."

అంటే సిగ్నలు పోగొట్టింది కోటయ్య డబ్బా కాదు, చెన్నకేశవులు గారు వేసిన తాళం. ఆయన ఏ పంచె కట్టుకుని మీటింగులో నిలబడ్డారో, ఆ పంచే మర్నాడు తడిసి వేలాడి ఆయన్ని టీవీలో కనపడనివ్వడం లేదు. ఇంత చక్కటి సంగతి నా సర్వీసులో ఇంకోటి తగల్లేదు. కానీ దీన్ని కింద చెప్పేదెలా? తాడని చెబితే అంతమంది ముందు ఆయన నవ్వులపాలవుతారు. నలుగురిలో నవ్వులపాలైన మగాడు ఆ కోపం ఇంట్లో ఎవరి మీద చూపిస్తాడో నాకు తెలుసు. చెప్పకపోతే కర్రలు లేస్తాయి.

"సూర్యుడి మీద పెట్టేస్తానమ్మా," అన్నాను. "సూర్యుడు ఉపగ్రహానికి ఎదురు వచ్చినప్పుడు కాసేపు సిగ్నలు పోవడం ఉన్నదే. ఈ నెల్లో కాదులే, కానీ ఎవరికి తెలుసు? సూర్యుడి ఇంటి మీదికి ఎవరూ కర్రలు తీసుకుపోరు."

నాగేంద్రమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఇయ్యాళ నమ్ముతాడు," అంది. "ఎల్లుండి మాచర్లలో ఇంకో మీటింగుంది. ఆ మర్నాడు మళ్ళా పోద్ది. అప్పుడు నువ్వుండవు అన్నయ్యా, మా అన్న ఉంటాడు."

నేను ఏదో అనేలోపే వాకిలి వైపు పిట్టగోడ మీదుగా వంగి కేకేసింది. "ఏవయ్యా! ఒక్కసారి పైకి రా! నీ జామరు దొరికింది!"

చెన్నకేశవులు గారు వచ్చారు. ఆయన వెనక కుర్రాళ్ళు మెట్ల నిండా వచ్చారు, కర్రలతో సహా. ఆ గోలకు అవతలి మేడ మీదికి కోటయ్య కూడా వచ్చాడు. నేను ట్యాంకు పక్కకు జరిగాను. నిజం చెప్పాలంటే ట్యాంకు వెనక్కి జరిగాను.

నాగేంద్రమ్మ పంచె ఎత్తింది. కింద టీవీ దగ్గర మిగిలినవాడెవడో, "వచ్చింది!" అని అరిచాడు. వదిలింది. "పోయింది!"

"ఇదిగో జామరు," అంది. "నీ పంచే. ఉతికింది నేను, గంజి పెట్టింది నేను, తాడు కట్టింది నేను. తాడు ఇక్కడ కట్టుకునేట్టు చేసింది మాత్రం నువ్వు. కర్రలు ఎట్టాగూ తెచ్చారుగా, దీన్ని నాలుగు బాదండి, ఇంకాస్త తెల్లబడుద్ది."

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ఎంత ధైర్యం కావాలో అందరికీ తెలుసు. నేను కోటయ్యను చూస్తున్నాను. ఆ క్షణాన ఆయన ఒక్క నవ్వు నవ్వి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. ఆయన నవ్వలేదు. డబ్బా వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు.

"బావా, మా తీగలు ఖాళీగానే ఉన్నయ్యి," అన్నాడు. అంతే.

ఎన్నికల తర్వాత వాళ్ళిద్దరి మధ్యా అదే మొదటి మాట. చెన్నకేశవులు గారు తడి పంచె వైపు చాలాసేపు చూశారు. తర్వాత కుర్రాళ్ళ వైపు తిరిగి గొంతు సవరించుకున్నారు.

"నేను మొదట్నించీ చెబతానే ఉన్నా. లోపం మన మేడ మీదే ఎక్కడో ఉందిరా అని. మీరే జామరు జామరు అని గోల చేశారు."

కుర్రాళ్ళు తలలూపారు. పెద్దాయన దగ్గర పనిచేయాలంటే ఎప్పుడు తలూపాలో తెలియాలి, వాళ్ళకు తెలుసు. ఆయన మొలతాడు ముడి విప్పడానికి కొంచెం ఇబ్బందిపడ్డారు, అది అంతకాలం విప్పని ముడి. తాళం తుప్పు పట్టి ఉంది. నా బ్యాగులోంచి నూనె చుక్క వేశాను. ఆ రోజు నేను చేసిన సాంకేతికమైన పని అదే.

గేటు తెరుచుకున్నాక చెన్నకేశవులు గారు భార్య వైపు వేలు చూపించారు. "బట్టలారేసుకోను వరకే."

"సరేలే," అంది నాగేంద్రమ్మ, బకెట్టు ఎత్తుకుంటూ.

పంచెల రాజకీయం

డిష్షు సర్ది, బోల్టులు బిగించి వచ్చేశాను. కంప్లయింటు మూసేశాను. మేనేజరు నన్ను మెచ్చుకుని, "చూశావా, రెండోసారి బాక్సు మారిస్తే పోయింది" అన్నాడు.

కొన్నాళ్ళకు చెన్నకేశవులు గారి ఫోను.

"మస్తానూ, నువ్వు రేపొచ్చి మా మేడ మీద రెండు ఇనప గొట్టాలు పాతించు. డిష్షు ఆ మూలకి మార్చు. తాడు మా మేడ మీదే కట్టుకుంటాం."

"సిగ్నలు బాగుందా అండీ?"

"సిగ్నలుకేం, బెమ్మాండంగా ఉంది. అందులో నేను లేను, అదీ బాధ." ఆయన గొంతు తగ్గించారు. "నా పంచెలు కోటయ్య మేడ మీద ఆరతన్నయ్యని ఊరంతా నేను పార్టీ మారానంటన్నారయ్యా. మాచర్ల మీటింగులో నన్ను స్టేజీ ఎక్కనియ్యలా. నిన్న టీకొట్టు కాడ అవతలి పార్టీ వాళ్ళు లేచి నమస్కారం పెట్టారు. నేను ఎక్కడికని పోవాల?"

జాలేసింది. వస్తానన్నాను. నేను ఫోను జేబులో పెట్టానో లేదో, అదే నంబరు నుంచి మళ్ళీ మోగింది. ఈసారి నాగేంద్రమ్మ.

"అన్నయ్యా, నువ్వు రామాక."

"అదేందమ్మా? ఆయన రమ్మన్నారు కదా?"

"పెళ్ళి పనులు మొదలైనయ్యి. బట్టలారేసుకోను వరకే అన్నాడుగా ఈయన. అందుకని రోజూ పొద్దున్నే బకెట్టు నింపుకుని అటు పోతన్నా. అటే పసుపు దంచుతన్నా, అటే అప్పడాలు వత్తుతన్నా. తడి బట్ట ఒకటి చేతిలో ఉంటే ఈయన ఏమీ అనలేడు. మాసినయి అయిపోయినయ్యి. ఉతికినయ్యే మళ్ళా ఉతుకుతన్నా." ఆమె నవ్వింది. ఆ నవ్వులో ఏడుపు కూడా ఉందని ఫోనులో కూడా తెలుస్తోంది. "నువ్వొచ్చి ఇక్కడే గొట్టాలు పాతావంటే నేను ఏ మొహం పెట్టుకుని గేటు దాటేది? పెళ్ళి అయిందాకా ఆగు. ఆ తర్వాత నీ ఇష్టం."

నేను వెళ్ళలేదు. చెన్నకేశవులు గారు ఆఫీసుకు ఫోను మీద ఫోను చేశారు. చివరికి మేనేజరు నన్ను పట్టుకున్నాడు. ఇన్నాళ్ళుగా ఆ ఇంటికి ఎందుకు వెళ్ళలేదని అడిగాడు.

"వానండీ," అన్నాను. "విడవకుండా పడుతోంది. మేడ ఎక్కితే కాలు జారుద్ది."

అప్పుడు రోహిణి కార్తె. నేను నిలబడ్డ రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. గుంటూరులో మాత్రం వేరే ఎండ ఉంటుందా? మేనేజరు కిటికీలోంచి చూశాడో లేదో నాకు తెలియదు.  "సరే, తగ్గాక వెళ్ళు" అన్నాడు. ఆయన మంచివాడని ముందే చెప్పాను.

కోటయ్య కూతుర్ని మేనత్తే దగ్గరుండి పెళ్ళికూతుర్ని చేసిందని తర్వాత విన్నాను. నా వాన పెళ్ళి అయిన మర్నాడు తగ్గింది.